దలూకాకు సెగ చూపిన రోజు

లైట్లు వేసేవాళ్ళ మీద లైటు పడకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే నాకు చెప్పిన మాట ఇది. యూనివర్సిటీ ఆడిటోరియంలో లైట్లు చూసినన్నాళ్ళూ ఆ మాట నిలబెట్టుకున్నాను, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. రిటైరైనవాళ్ళు సాధారణంగా సన్మానాల ఫోటోలు చూపించుకుంటారు. నాకు చూపించుకోవడానికి ఈ సంగతి ఉంది. మధ్యమధ్య గొప్పలు పోతాను, చిన్నవాళ్ళు మీరే ఓపిక పట్టాలి.

నేనీ పనిలోకి చదువుకుని రాలేదు. నా భర్త అదే ఆడిటోరియంలో హెల్పరుగా ఉండేవాడు. ఆయన పోతే ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి ఫ్యూజంటే ఏమిటో నాకు తెలియదు, పైగా చీకటంటే భయం. ముందు స్విచ్చులు తుడవమన్నారు. తుడుస్తూ తుడుస్తూనే ఏ స్విచ్చు ఏ లైటుదో పట్టేశాను. కొన్నాళ్ళకు నాటకాల శాఖ పిల్లలు రిహార్సళ్ళకు నన్నే రమ్మనడం మొదలుపెట్టారు. "మీరుంటే మా మొఖాలు మంచిగ కనవడ్తయి మేడమ్" అనేవాళ్ళు. అటెండరుగా చేరినదాన్ని మేడమ్‌నయ్యాను. ఇంక నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

నాతోపాటు పనిచేసిన ఎలక్ట్రీషియన్ పాలమూరు వైపు రైతు కుటుంబం వాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు, నా మాట మాత్రం ఒక్కటీ వినేవాడు కాదు. పనిమంతుడు, అంతకు మించి భక్తిపరుడు. ప్రదర్శన ఉన్న రోజు పొద్దున్నే స్టేజీకి పూజ చేయందే మెయిన్ స్విచ్చు ముట్టడు. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, బంతిపూలు, మామిడాకుతో నీళ్ళు చల్లడం. మైకుకు బొట్టు, స్పీకర్లకు బొట్టు, నా లైట్ల బోర్డుకూ బొట్టు. నేను ఆదివారం చర్చికి పోయేదాన్ని. అయినా ఏ రోజైనా వాడు మరిచిపోతే, నా బోర్డు బోసిగా ఉందని నేనే గుర్తు చేసేదాన్ని. ఈ పూజ సంగతి కాస్త మనసులో పెట్టుకోండి, ముందు దీనితో పనిపడుతుంది.

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు మా ఆడిటోరియానికి కొత్త ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. కరెంటు తక్కువ తింటాయి, రంగులు బోలెడు, ఎంతసేపు వెలిగినా చెయ్యి కాలదు. అన్నీ మంచి గుణాలే, ఎందుకో నాకు నచ్చలేదు. పాత హాలోజన్ లైటు వేస్తే దాని కింద నిలబడ్డ మనిషికి వెచ్చగా తగిలేది. చలికాలంలో పిల్లలు డైలాగులు వదిలేసి లైటు కిందికి చేరేవాళ్ళు. ఆ పాతవాటిని వేలానికని స్టోరులో పడేశారు. రెండింటిని మాత్రం నేను స్టాండ్లతో సహా స్టేజీ వెనక గదిలో దాచుకున్నాను.

"ముసలి ఎడ్లను కట్టేస్కున్నట్టు ఇవెందుకక్కా?" అని ఎలక్ట్రీషియన్ నవ్వాడు.

"నేను గూడ ముసల్దాన్నే. నన్ను గూడ వేలం ఏస్తవా?" అన్నాను. ఆ తర్వాత వాటి జోలికి రాలేదు.

ఇక అసలు మనిషి. ఆమె సూడాన్ నుంచి వచ్చింది. తార్నాకలో విదేశీ విద్యార్థులు కొత్తేమీ కాదు. కూరగాయల బండి దగ్గర తెలుగులో బేరమాడే ఆఫ్రికా పిల్లలను చూసి అక్కడెవరూ ఆగరు. సొంతూళ్ళో ఆమె బొమ్మలు వేసేది, గోడల మీదా గుడ్డల మీదా. మా యూనివర్సిటీకి నాటకకళలో పీజీ చేయడానికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే వాళ్ళ దేశంలో యుద్ధం మొదలైంది. ఇంట్లో ఆడవాళ్ళు తలా ఒక దిక్కుకు పోయారు. తల్లి ఈజిప్టులో ఎవరింట్లోనో తలదాచుకుంది, పెద్దపిన్ని సరిహద్దు దగ్గర క్యాంపులో ఉంది. సిగ్నలు దొరికినప్పుడు ఫోను, దొరకనప్పుడు ఏడుపు.

నన్ను ఖాలా అనేది. వాళ్ళ భాషలో తల్లి అక్కచెల్లెళ్ళను అలా పిలుస్తారట. నేను ముషీరాబాద్‌లో కాపురమున్నప్పుడు పక్కింటి ముస్లిం పిల్లలూ నన్ను ఖాలా అనేవాళ్ళు, కాబట్టి ఆ పిలుపు నాకు ఇంటి పిలుపే. రెండేళ్ళలో తెలుగు బాగానే పట్టింది. అది మన క్యాంపస్ తెలుగు, సగం ఉర్దూ, పావు ఇంగ్లీషు.

చివరి పరీక్షకు ఒక్కో విద్యార్థి తన సొంత ప్రదర్శన తయారుచేసి బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు చేయాలి. మిగతా పిల్లలకు అది మార్కుల సంగతి. ఈ పిల్లకు అంతకంటే ఎక్కువ. ఆ ప్రదర్శనలో మంచిగా గట్టెక్కితేనే పరిశోధనలో సీటు. సీటుంటేనే వీసా, వీసా ఉంటేనే ఇక్కడ ఉండడం. లేకపోతే తిరిగి పోవాలి, పోవడానికి అక్కడ ఇల్లు లేదు.

ఆమె మొదట తయారుచేసిన ప్రదర్శన నేను చూశాను, లైట్లు వేసింది నేనే కదా. తెల్లగుడ్డ చుట్టుకుని మెల్లగా నడుస్తుంది, ఇంగ్లీషులో ఏవో మాటలు, వెనక ల్యాప్‌టాప్‌లోంచి సంగీతం. తప్పు పట్టడానికేమీ లేదు. అలాంటివి మా స్టేజీ మీద ఏటా చూస్తూనే ఉంటాను. ఆమె గైడు ఒక ప్రొఫెసరమ్మ, మాట కరుకు, మనసు మంచిది. రిహార్సల్ అంతా చూసి, "నీట్‌గ ఉన్నది. కానీ ఇందుల నువ్వెక్కడున్నవ్?" అని అడిగింది. పిల్ల ఒంటికి చుట్టుకున్న తెల్లగుడ్డ విప్పి మడత పెట్టుకుంది.

తర్వాత ఒక మధ్యాహ్నం తాళాల గుత్తి కోసం వెతుకుతూ దుస్తుల గదిలోకి వెళ్ళాను. అక్కడ ఈమె ప్లాస్టిక్ బకెట్ బోర్లించి ఒళ్ళో పెట్టుకుని కొడుతోంది. కొడుతూ పాడుతోంది. నేను రెండేళ్ళుగా ఆమె ముఖానికి లైటు వేస్తున్నాను, ఆ ముఖం అలా వెలగడం ఎప్పుడూ చూడలేదు. నన్ను చూడగానే దొంగతనం చేస్తూ దొరికినట్టు చేతులు వెనక్కి తీసుకుంది.

"ఆపినవేంది? కొట్టు" అన్నాను.

"వద్దు ఖాలా. ఇది మంచి పాట కాదు."

"మంచిది కాకపోతే మొఖం గట్లెందుకు మెరుస్తున్నది?"

నవ్వి, నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ దగ్గర పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు మాత్రమే కూర్చుని పాడతారు. దలూకా అని ఒక వాయిద్యం, మట్టితో చేసిన కుండలాంటిది, ఒక పక్క మేకతోలు. దాన్ని కొట్టేది ఆడవాళ్ళే. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు చప్పట్లతో అందుకుంటారు. అత్తను ఆడిపోసుకోవడం, నచ్చినవాడిని తలుచుకోవడం, కొత్త పెళ్ళికూతురిని ఏడిపించడం, అన్నీ ఆ పాటల్లోనే. ఈమె చిన్నప్పుడు పెద్దపిన్ని మోకాలికి ఆనుకుని కూర్చుని అవన్నీ నేర్చుకుంది. వాళ్ళమ్మకు మాత్రం గిట్టేది కాదు. దలూకా కొట్టే ఆడవాళ్ళంటే చదువుకున్న ఇళ్ళలో చిన్నచూపట.

"పెండ్లికి పిలుస్తరు ఖాలా. పాట అయినంక పంపిస్తరు. మంచి ఇంటి పిల్లలు కొట్టరు అని అమ్మ అనేది. ఇంత దూరం వచ్చిన, ఆర్టిస్ట్ అని చెప్పుకుంటున్న. ఇది కొడితే ఎగ్జామినర్ ఏమనుకుంటడు?"

నా నోటికి అడ్డం పడ్డది మా నాయన. మా ఊళ్ళో పెళ్ళయినా చావైనా మా నాయన డప్పు లేనిదే కదిలేది కాదు. పని అయిపోయాక ఆయనకు అన్నం మాత్రం వాకిలి బయటే. క్యాంపస్‌లో ఎవరైనా మీ నాయన ఏం చేసేవాడని అడిగితే వ్యవసాయం అని చెప్పేదాన్ని. అబద్ధమేమీ కాదు, కూలికి పోయేవాడు కూడా. ఏ ఊరని అడిగినవాళ్ళు తర్వాత ఏ వాడ అని అడుగుతారని తెలిసి, నా మాటను అక్కడికే ఆపుకోవడం నాకు అలవాటు.

ఆ సంగతి ఆ రోజు ఆమెకు చెప్పలేదు. దానికి బదులు ఒక పాటెత్తుకున్నాను. నాట్లేసేటప్పుడు మా అమ్మ, మా వాడ ఆడవాళ్ళు అప్పటికప్పుడు కట్టుకునే పాటల్లాంటిది.

"నారు కట్ట నా చేతిల ఉయ్యాలో వదినె, నవ్వు ముల్లె నీ కొంగుల ఉయ్యాలో వదినె."

రెండో వరసకే ఆమె బకెట్టు అందుకుంది. ఎక్కడ ఊపిరి తీసుకుంటానో అక్కడ దెబ్బ వేసింది. వంగి నాట్లు వేసే నడుముల కోసం పుట్టిన పాట, ఎడారి దేశపు పెళ్ళిళ్ళ దరువుకు చక్కగా సరిపోయింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని పకపకా నవ్వుకున్నాం.

అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ నా లైట్ల గదిలో మాకు పాటలే పాటలు. ఊడ్చే ఆడవాళ్ళు కూడా చీపుర్లు గోడకానించి, టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. ఆమె పాడితే అందుకోవలసిన వరస మా అందరికీ నోటికి వచ్చేసింది. 'వచ్చింది, మా పిల్ల వచ్చింది' అని దాని అర్థమట. పెళ్ళికూతురు ఆటకు లేచినప్పుడు అంటారట. ఎలక్ట్రీషియన్ తలుపు బయట నిలబడి వినేవాడు. లోపలికి రావాలంటే మిర్చి బజ్జీలు తేవాలని షరతు పెట్టాం, తెచ్చేవాడు.

ప్రదర్శన మార్చేస్తానని ఆమె గైడుకు చెప్పిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ప్రొఫెసరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "వచ్చే ఎగ్జామినర్ ఎట్లాంటివాడో తెల్వదు. ఇది పెండ్లి పాటల ప్రోగ్రాం, ఇందుల థియేటర్ ఏమున్నదని ఆయనంటే నీ సీటు పోతది. తెలుసు కదా?" అంది.

"తెలుసు మేడమ్. మొదటిది చేస్తే సీటు వస్తది కావచ్చు. కానీ ఆ సీట్ల కూర్చునేది నేను కాదు."

ప్రొఫెసరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "సరె, చెయ్యి. సగం సగం మాత్రం చెయ్యకు" అంది.

దలూకా ఎక్కడి నుంచి తేవాలి? వాళ్ళ దేశం నుంచి వచ్చే దారి లేదు. వారాసిగూడలో మా ఇంటి దగ్గర కుండలమ్మే ఆమెను పట్టుకుని, ఫోనులో బొమ్మ చూపించి, రెండు పక్కలా నోరున్న కుండ చేయించాం. తోలు కోసం ఊరి నుంచి మా తమ్ముడిని పిలిపించాను. నాయన తర్వాత డప్పు పట్టింది వాడే. చింతగింజల జిగురు కాచి, మేకతోలు బిగించి, ఆ పిల్లను ఎగాదిగా చూశాడు.

"నువ్వు కొడ్తవా బిడ్డా? మా దిక్కు ఆడోళ్ళు డప్పు కొట్టరు."

"మా దిక్కు మగోళ్ళు దీన్ని కొట్టరు మామా."

"మంచి దేశమే" అన్నాడు మా తమ్ముడు.

తోలు ఆరాక సెగ చూపడానికి గడ్డి ఏమన్నా దొరుకుతుందా అని వాడు వాకిట్లో వెతుకుతుంటే, ఆ పిల్ల అప్పటికే మా వంటింట్లో స్టవ్ వెలిగించింది. వాళ్ళకూ అంతేనట. సెగ చూపితేగానీ దలూకా పలకదు. వాళ్ళ పెద్దపిన్ని బొగ్గుల కుంపటి పక్కనే పెట్టుకుని, పాటకూ పాటకూ మధ్య కాచుకుంటూ కొట్టేదట. తమ్ముడు విని, ఆ మాట నాయన వినవలసిందని అన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. తెల్లవారినప్పటి నుంచీ వాన. వారాసిగూడ నుంచి తడిసి ముద్దై ఆడిటోరియం చేరేసరికి స్టేజీ మీద అగరుబత్తుల వాసన. మధ్యలో దలూకా. దాని తోలు నిండా పసుపు ముద్ద మెత్తి ఉంది, పైన కుంకుమ బొట్టు, చుట్టూ తడి బంతిపూల దండ, మీద చల్లిన నీళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. పక్కన మా ఎలక్ట్రీషియన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మన బిడ్డ వాయిద్యం కదక్కా. అన్నిట్లకంటే ముందు దీనికే జేసిన. ఇయ్యాల అందరికంటే పెద్ద పూజ దీనిదే" అన్నాడు.

ఆ పిల్ల వెనకే వచ్చింది. దండ తీసి పక్కన పెట్టి, చున్నీ కొంగుతో పసుపు తుడిచి, వేలితో ఒక్కటి కొట్టింది. తడిసిన అట్టపెట్టెను తట్టినట్టు మోగింది. ఇంకోటి కొట్టింది. అదీ అంతే. తోలు నీళ్ళు తాగి సడలిపోయింది. ఆమె దలూకాను ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. వాడు ముందు నా ముఖం చూశాడు, తర్వాత ఆమె ముఖం చూశాడు.

"అక్కా, నేనేం జేసిన?"

"పూజ జేసినవ్ తమ్మీ. మస్తుగ జేసినవ్."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టాలనే అనుకున్నాను. ప్రేమతో చేసినదాన్ని పట్టుకుని ఎంతని తిడతాం? పిల్లే వాడి చెయ్యి పట్టుకుని, "పర్వాలేదు అన్నా, మా ఇంట్ల ఎవ్వరు దీనికి పూలు పెట్టలే" అంది.

సెగ చూపాలి. ఎక్కడ? బయట కుండపోత. హాలులో అగరుబత్తి దాకా సరే, మంట పెడితే ఫైర్ అలారం మోగుతుంది. క్యాంటీన్ స్టవ్ దాకా తీసుకుపోవచ్చు, తిరిగి వానలో తెచ్చేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది. ఈలోగా ఎగ్జామినర్ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు, నెరిసిన జుట్టు మనిషి. ప్రొఫెసరమ్మ పరుగున స్టేజీ వెనక్కి వచ్చింది.

"దరువు నీ ఫోన్ల రికార్డు ఉన్నది కదా. అది పెట్టి పాడు. ఇంకేం చేస్తం?"

"రికార్డు కొడితే, నేను చేతులు కట్టుకుని నిలబడాల్నా మేడమ్? మా పిన్ని ఎట్ల కొడతదో నా చేతులకే తెలుసు" అంది పిల్ల. తల దించలేదు.

పైన కొత్త లైట్లు చల్లగా వెలుగుతున్నాయి. వాటిని చూస్తూ, అయ్యో, పాతవైతే దాని కిందే పెట్టి కాచేదాన్ని కదా అనుకున్నాను. అనుకున్న మరుక్షణం స్టేజీ వెనక గదివైపు పరిగెత్తాను. నా వయసులో, తడి చీరతో, పరుగు.

"తమ్మీ, ఎడ్లను ఇప్పు!" అని అరిచాను.

వాడికి వెంటనే తట్టింది. రెండు స్టాండ్లూ ఈడ్చుకొచ్చి, వైరు లాగి, ప్లగ్గు పెట్టాడు. లైట్లు వెలిగాయి. ఏళ్ళ దుమ్ము కాలిన వాసన వచ్చింది, నాకెంతో ఇష్టమైన వాసన అది. లైటుకూ తోలుకూ మధ్య నా అరచెయ్యి అడ్డం పెట్టి, చర్మం ఎంత సెగ ఓర్చుకుంటుందో చూసుకుంటూ దలూకాను దగ్గరికి జరిపాను. మా నాయన మంట మీద అలాగే చెయ్యి పెట్టి చూసేవాడు. పిల్ల మెల్లగా తిప్పుతూ, తుడుస్తూ, వేలితో తట్టి చెవి ఆనించి వింటోంది. మొదట దలూకా మూలిగింది. తర్వాత కాస్త గొంతు విప్పింది. ఆపైన 'ఖణ్' మని ఒక్కసారి మోగేసరికి మా ఎలక్ట్రీషియన్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఏసీలోకి పోగానే మళ్ళీ సడలుతుందని పిల్ల చెప్పింది. లైటు స్టేజీ మీదే ఉండాలి, దాని దగ్గర ఒక మనిషి ఉండాలి. మరీ దగ్గరైతే తోలు చిట్లుతుంది, దూరమైతే పలకదు.

"నేను కూసుంటక్కా, తప్పు నాదే కదా" అన్నాడు ఎలక్ట్రీషియన్.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇది ఆడోళ్ళ పాట అన్నా. కుంపటి దగ్గర ఆడోళ్ళే ఉండాలె. ఖాలా, నువ్వు కూర్చో."

"నేనా? నా బోర్డు ఎవరు జూస్తరు? గీ తడిసిన చీరతోని, గీ అవతారంతోని స్టేజీ మీద కూసుంటనా?"

"పెండ్లి వంటల దగ్గర ఆడోళ్ళు ఎట్లుంటరు? గట్లనే ఉన్నవ్" అంది. ఆ తెలుగు ఎక్కడ నేర్చిందో అప్పుడడగడానికి టైం లేదు. బోర్డు వాడు చూస్తానన్నాడు. ప్రొఫెసరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "పోయి కూసోండి మేడమ్" అని ఒక పీట తెచ్చి స్వయంగా వేసింది.

తెర లేచింది. స్టేజీ అంతా చీకటి, నా లైటు ఒక్కటే వెలుగుతోంది. అందరికంటే ముందు జనానికి కనబడింది నేను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ చీకట్లో పని చేసిన మనిషిని, అందరి కళ్ళూ నా మీదే ఉండేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్ల వచ్చి నా పక్కన, నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. చిన్నప్పుడు పెద్దపిన్ని దగ్గర కూర్చున్నట్టు. ఇది రిహార్సల్‌లో లేదు. అలా కూర్చునే తన కథ మొదలుపెట్టింది. కాసేపు ఇంగ్లీషు, కాసేపు తెలుగు. ఇంట్లో ఆడవాళ్ళు, ఆ వాకిలి, ఆ కుంపటి, తల్లి కేకలు, యుద్ధం, అందరూ చెదిరిపోవడం. తర్వాత దలూకా అందుకుని కొట్టింది.

ఆ చేతుల దెబ్బ నా పీటలోంచి నా ఒంట్లోకి వచ్చింది. పాట ఎత్తుకుంది. అందుకునే వరస రావలసిన చోటు వచ్చింది. రికార్డు చేసి పెట్టిన ఆ వరస ల్యాప్‌టాప్‌లోంచి రావాలి. మా ఎలక్ట్రీషియన్ లైట్ల కంగారులో దాన్ని మరిచేపోయాడు. వరస రాలేదు. ఆ పిల్ల కళ్ళు నా వైపు తిరిగాయి.

నేను అందుకున్నాను. గొంతు బొంగురుగా వచ్చింది, అయినా వచ్చింది. రెండోసారి అందుకునేసరికి హాలు వెనక వరసల్లోంచి నాకు తోడు లేచింది. ఊడ్చే ఆడవాళ్ళు, అన్నాల వేళ నా గదిలో కూర్చునేవాళ్ళు, చప్పట్లు చరుస్తూ వాళ్ళ భాష కాని ఆ మాటలను వాళ్ళ ఇంటి మాటల్లా పాడుతున్నారు. పిల్ల ముఖం మీద నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం తాళం తప్పలేదు. దెబ్బ కాస్త మెత్తబడగానే పాట ఆపకుండా దలూకాను నా చేతికిచ్చేది. తాను చప్పట్లతో నడిపించేది. నేను సెగ చూపి, తట్టి చూసి, తిరిగి ఇచ్చేదాన్ని. అలా ఇచ్చిపుచ్చుకోవడమే అన్నిటికంటే బాగుందని తర్వాత చాలామంది అన్నారు. మేము దాన్ని కళ అనుకోలేదు, తోలు చల్లారకుండా చూసుకున్నాం అంతే.

అయ్యాక ఎగ్జామినర్ స్టేజీ మీదికే వచ్చి ప్రశ్నలడిగాడు. "ఇది మీ దేశంలోనిదా, ఇక్కడ తయారైనదా?" అన్నాడు.

"పాట మా పిన్నిది సార్. కుండ వారాసిగూడది. తోలు ఖాలా వాళ్ళ తమ్ముడు బిగించిండు. మా ఊర్ల ఉన్నప్పుడు ఈ పాటలు నాలో దాచిపెట్టిన. వేరే దేశం వచ్చినంక, నేనెవరు అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఇవే. ఆ ఆడోళ్ళు నన్ను తయారుచేసిండ్రు. నా బొమ్మలు, నా నడక, నా కోపం, అన్నీ వాళ్ళ దగ్గర్నుంచే."

ఆయన తల ఊపి, నా వైపు తిరిగాడు. "మరి ఈమె పాత్ర ఏమిటి?"

"పాత్ర కాదు సార్. మా ఇంటి మనిషి" అంది పిల్ల.

ఆయన చిన్నగా నవ్వాడు. "తోలుకు సెగ అంత కచ్చితంగా చూపడం మీకెట్లా తెలుసమ్మా?" అని నన్నే అడిగాడు.

ఎదురుగా మా ప్రొఫెసరమ్మ ఉంది, ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, క్యాంపస్‌లో సగంమంది ఉన్నారు. నా పక్కన ఆ పిల్ల, తనవాళ్ళే చిన్నచూపు చూసిన వాయిద్యాన్ని చంకన పెట్టుకుని, దేశం కాని దేశంలో తల ఎత్తుకుని నిలబడి ఉంది. ఇంక నాకేం అడ్డం?

"మా నాయన డప్పు కొట్టేటోడు సార్. మా ఊర్ల ఆయనంత మంచిగ కొట్టేటోడు లేడు. నేను ఆయన బిడ్డను" అన్నాను.

నా గొంతు హాలు చివరిదాకా వినబడింది. మైకు కూడా లేదు.

పిల్ల మంచి మార్కులతో గట్టెక్కింది. సీటు వచ్చింది, వీసా నిలిచింది, తార్నాకలో అదే గదిలో ఉంటోంది. ఇప్పుడు వేరే ఊళ్ళకు కూడా ప్రదర్శనలకు పిలుస్తున్నారు. వేడెక్కే పాత లైటు ఒకటి కావాలని ముందే చెబుతుందట. ఎక్కడ దొరుకుతుందని వాళ్ళు తలలు పట్టుకుంటున్నారని విని నేను లోలోపల మురిసిపోతుంటాను.

నా రిటైర్మెంట్ రోజు శాలువా, దండ, ఒక గోడ గడియారం సిద్ధం చేశారు. అవి కాక ఇంకేం కావాలక్కా అని ఎలక్ట్రీషియన్ అడిగాడు. డప్పు కావాలన్నాను. మా తమ్ముడు తన జతగాళ్ళతో వచ్చాడు. ఆడిటోరియం మెట్ల ముందు గడ్డి మంట వేశారు. "ఈసారి నీళ్ళు చల్లనక్కా, ఒట్టు" అని ఎలక్ట్రీషియన్ దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడి చేతిలోంచి నాయన డప్పు నేను తీసుకున్నాను. మా ఊళ్ళో ఆడపిల్ల చేతికి దాన్ని ఇచ్చేవాళ్ళు కాదు, నాయన కాస్తుంటే పక్కన నిలబడి చూడడమే. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మంట మీద అరచెయ్యి పెట్టి సెగ చూసుకుని, డప్పును తిప్పి తిప్పి కాచాను. భుజాన వేసుకుని ఒక్కటి కొట్టాను.

పక్క నుంచి దలూకా జవాబిచ్చింది. ఊడ్చే ఆడవాళ్ళు చప్పట్లు అందుకున్నారు. 'వచ్చింది, మా పిల్ల వచ్చింది.' ఉద్యోగం అయిపోయి బయటికి పోతున్న మనిషిని పట్టుకుని వచ్చిందని పాడతారేమిటని ఎవరో నవ్వారు. నేను ఆగలేదు. మా నాయన డప్పు కొట్టుకుంటూ యూనివర్సిటీ గేటు దాకా నడిచాను.